చింతపండుతో తోమిన కత్తి

చిత్తూరులో మిలటరీ కత్తుల అసలూ నకలూ తేల్చేది నేనొక్కణ్ణే. ముప్పై ఏళ్లు ఆయుధాల డిపోలో పనిచేసిన చేతులివి. కొత్త కత్తిని ఉప్పునీళ్లలో నానబెట్టి తుప్పు పట్టించి, యుద్ధంలో వాడిందని చెప్పి అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నకిలీ అయితే ముఖం మీదే చెప్పేస్తాను. అందుకే నాకు స్నేహితులు తక్కువ.

పోయిన నెల ఐరాల నుంచి ఆనందమ్మ అనే ఆవిడ వచ్చింది. డెబ్బై నాలుగేళ్లుంటాయి. సంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసి విప్పింది. లోపల కత్తి తళతళలాడుతోంది.

"డెబ్బై ఒకటి యుద్ధంలో మా ఆయన సుందరరాజు పోయినాడప్పా. శవం రాలేదు. ఆయనతో ఉండిన సిపాయి ఒకాయన ఇది తెచ్చి ఇచ్చినాడు. నేను పోయినప్పుడు దీన్ని నా పక్కన పెట్టి పూడ్చమని ఇంట్లో చెప్పుకున్నాను. మా మరిది కొడుకేమో ఇది సంతలో కత్తి, మిలటరీది కాదంటాడు. నువ్వు సూసి నిజం చెప్పు."

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. పాత ఉక్కుకు ఉండాల్సిన నల్లటి చాయ లేదు. ముద్ర ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

"దీన్నేం చేసినావమ్మా?"

"ఏం చేస్తానప్పా, ఏటా ఆయుధపూజకి చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమి బొట్టు పెడతాను. ఆయనది కదా, మురికిగా ఎట్ల పెట్టేది?"

నాకు కోపం ఆగలేదు. "యాభై ఏళ్లు తోమినావా? ముద్రంతా అరిగిపోయింది. నీ చేత్తోనే సాక్ష్యం చెరిపేసుకున్నావు కదమ్మా."

ఆవిడ అరచేతులు తిప్పి చూసుకుంది. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఇంకొక్క దారి ఉంది. కొందరు సిపాయిలు తమ కత్తిని ఎవరూ కాజేయకుండా పిడి చెక్కలు విప్పి, లోపలి ఇనుము మీద తమ మిలటరీ నంబరు గీసుకునేవారు. చింతపండు అక్కడిదాకా పోదు. మీ ఆయన నంబరు గుర్తుందా అని అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"జాబు రాయించినప్పుడంతా పైన అదే కదప్పా."

చివర మూడు, రెండు, ఏడు.

మరలు బిగుసుకుపోయాయి. నూనె వేసి అరగంట ఆగాం. చెక్కలు ఊడాక లోపల నల్లటి ఉక్కు, డిపో ముద్ర కనిపించాయి. కత్తి అసలుదే. సంతోషంగా నోరు తెరవబోతూ, కింద గీసిన నంబరు చూశాను. చివర ఎనిమిది, ఒకటి, నాలుగు.

ఆవిడకు చదువు రాదు. ఆయనదేనమ్మా అంటే సరిపోయేది. ఎంత ప్రయత్నించినా ఆ మాట రాలేదు.

"మిలటరీదేనమ్మా, అనుమానం లేదు. కానీ నంబరు మీ ఆయనది కాదు. ఇంకెవరిదో."

ఆవిడ ఆ గీతలను వేలితో తడిమింది. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఆ గందరగోళంలో మారిపోయినట్టుండాది," అంది. "అయితే ఇంగొకామె ఇన్నేండ్లుగా ఉత్త చేతులతో ఉండాదన్నమాట. ఈ నంబరు పెట్టి వాళ్లిల్లు యాడుందో కనుక్కుంటావా అప్పా?"

"కనుక్కుంటాను."

"ఇచ్చెయ్యి. తోమొద్దని చెప్పు."

పసుపు గుడ్డ మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. బస్టాండు దాకా వెంట వెళ్లాను. ఐరాల బస్సెక్కి, కిటికీ పక్కన కూచుని, నన్ను పిలిచింది.

"మరి నా పక్కన ఏం పెడతారప్పా?"

బస్సు కదిలింది.