మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో రాయని వరస

నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఇరవై ఏడేళ్లుగా మండల పరిషత్ బడుల్లో పాఠాలు చెబుతున్నాను, క్రోసూరు దగ్గరి ఈ ఊళ్లోనే తొమ్మిదేళ్లు. నిన్నగాక మొన్న డీఎస్సీ రాసి వచ్చిన ప్రేమలతని చూస్తే నా కడుపు మండిపోయేది.

మా బడిలో ఇద్దరమే టీచర్లం. నేను హెచ్‌ఎంని, ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న కొత్త టీచరు. ఆమె స్కూటీ మలుపు తిరిగితే చాలు, పిల్లలు గేటు దాకా పరిగెత్తేవాళ్లు. నేను వస్తే పుస్తకాల్లో తలలు దూర్చేవాళ్లు. వంట చేసే హన్నమ్మ సరేసరి, "కొత్త టీచరమ్మ వచ్చినాక బడికి చానా కళొచ్చిందమ్మా" అని నా మొహం మీదే అంది. అంటే అప్పటిదాకా ఇదేమన్నా శ్మశానమా? ఒక పిల్లయితే నన్నే పొరపాటున "ప్రేమలత టీచర్" అని పిలిచి నాలిక్కరుచుకుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాదే పైచేయి. రూల్స్. ఎవరికి ఏ సెలవు వస్తుందో, మెమో ఇస్తే ఎన్నాళ్లలో జవాబివ్వాలో మండలంలో సగం మంది టీచర్లు నాకే ఫోన్ చేసి అడుగుతారు. బడి వేళల్లో టీచరు గేటు దాటితే ఎందుకు, ఎక్కడికి, ఎన్ని గంటలకి అన్నది మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో రాయాలి, హెచ్‌ఎం సంతకం చేయాలి. రాయకపోతే ఆ టీచరు బడి ఎగ్గొట్టినట్టే. ఆ రిజిస్టర్ నా బల్ల సొరుగులో ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు పదకొండింటప్పుడు మూడో తరగతి భవ్యని తేలు కుట్టింది. కుళాయి దగ్గర కదిలిన నాపరాయి కింద ఉందట. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్లమ్మ మిరపకోతకి పోయింది, ఫోన్ ఎత్తలేదు. ప్రేమలత పిల్లని ఎత్తుకుని వరండాలోకి వచ్చింది.

"మేడం, క్రోసూరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. రిజిస్టర్‌లో రాసెయ్యండి, వచ్చి సంతకం పెడతా."

"పో, ముందు పో. నేను రాస్తాలే" అన్నాను.

సొరుగు తీశాను. పెన్ను కూడా తీశాను. అప్పుడు కిటికీ అవతల పిల్లల మాటలు వినపడ్డాయి. "మా టీచర్ తీసుకుపోయిందిగా, భవ్యకేం కాదులే" అంటోంది ఒకతి. మా టీచరట. మరి తొమ్మిదేళ్లుగా నేనెవర్ని? సొరుగు మూసేశాను. అంత గొప్పది కదా, వచ్చి తనే రాసుకుంటుందిలే అనుకున్నాను.

అరగంట తిరక్కుండానే మండల విద్యాధికారి సుధీర్ బాబు గారు తనిఖీకి దిగారు. రెండో టీచరేదని అడిగి, రిజిస్టర్ తెప్పించుకుని చూశారు.

"ఏందమ్మా ఇది, ఏమీ రాయలేదు. మీకు చెప్పి పోయిందా?"

"ఒక పిల్లని తీసుకుని పోయింది సార్. నాకు చెప్పలేదు" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు రోజుల్లో ప్రేమలతకి మెమో వచ్చింది. అనుమతి లేకుండా విద్యార్థినిని బడి బయటికి తీసుకెళ్లినందుకు ప్రొబేషన్ ఎందుకు నిలిపివేయకూడదో మూడు రోజుల్లో వివరణ ఇవ్వమని. ప్రొబేషన్ పోతే ఉద్యోగం పోయినట్టే. ఏడేళ్లు కోచింగుల చుట్టూ తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం.

ఆమె వైపు మాట వినకుండా శిక్ష వేయటానికి వీల్లేదని నాకు తెలుసు. ఆస్పత్రి చీటీ ఉంది. రాస్తానని నేనన్న మాట హన్నమ్మ వంటగది గుమ్మంలో నిలబడి విన్నది. ప్రేమలత నా పేరు రాస్తుంది, రాయక ఏం చేస్తుంది? నేనేం బుకాయించాలో మనసులో సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

మూడో రోజు వివరణ తెచ్చింది. పైకి పంపేముందు దాని కింద హెచ్‌ఎం అభిప్రాయం రాయాలి. చదివాను. "తొందరలో హెచ్‌ఎం గారికి చెప్పటం మరిచిపోయాను. తప్పు నాదే. మన్నించగలరు."

నాకు ఒళ్లు మండింది. ఓహో, ఇందులోనూ నీదే పైచేయా? నన్ను కాపాడి దేవతవైపోదామనా? ఊరంతా ఇప్పటికే నెత్తిన పెట్టుకుంది, ఇక గుడి ఒక్కటే తక్కువ. పెన్ను తీసి ఆమె సంతకం కింద రాశాను: "ఈమె నాకు చెప్పే వెళ్లింది. రాస్తానని ఒప్పుకుని రాయనిది నేను. తనిఖీలో అబద్ధం చెప్పిందీ నేనే." మంచితనం కాదు, పశ్చాత్తాపం అంతకన్నా కాదు. ఆ గొప్పదనం ఆమెకి దక్కనివ్వకూడదని రాశాను.

వారం తిరిగేసరికి ఆమె మీది మెమో రద్దు చేశారు. ఈసారి మెమో నాకొచ్చింది. ప్రేమలత నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఎందుకు రాశారు మేడం?"

"ముందు నీ సంగతి చెప్పు. నన్ను వెనకేసుకొచ్చి మంచిదానివనిపించుకోవాలనేగా?"

ఆమె అర్థం కానట్టు చూసింది.

"అయ్యో, అంత లేదు మేడం. నా ప్రొబేషన్ రిపోర్టు రాసేది మీరే కదా. భయపడ్డాను. 'ఆయమ్మ మీద రాస్తే నిన్ను బతకనియ్యదు' అని హన్నమ్మక్క కూడా చెప్పింది." నేల చూస్తూ అంది. "మెమో సంగతి విని భవ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది మేడం. 'పెద్ద టీచర్ మీద చెప్పొద్దు టీచర్, మళ్లీ మమ్మల్నే కొడతది' అని."

"భవ్య ఒక్కతేనా?"

"అందరూ అదే అన్నారు."

బడిలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదన్న చట్టం, దాని సెక్షన్ నంబరుతో సహా నాకు నోటికొచ్చు. గంట కొట్టారు. తరగతిలోకి వెళ్లి ఆ పిల్లల మొహాలు చూడటానికి నాకు భయమేసింది.