పెట్టె దిగింది

నేను ఒక గార్డు పెట్టెను. గార్డు అంటే బంగళా ముందు కుర్చీ వేసుకుని కునికే మనిషి కాదు. గూడ్సు బండి చిట్టచివర, బ్రేక్ వ్యానులో, ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని ఒంటరిగా ప్రయాణం చేసే రైలు ఉద్యోగి. ఇంజనులో డ్రైవరుకు ఇంకో మనిషైనా తోడుంటాడు. గార్డుకు నేనే తోడు. నల్లరంగు పూసిన ఇనుప రేకు, రెండు పక్కలా పిడులు, ముందు తెల్లటి అక్షరాల్లో పేరు. అందం గురించి అడక్కండి.

మొదట నా మీద రోజారియో అనే ఆయన పేరు రాశారు. ఆయన పదకొండేళ్లు నా కడుపులో రూల్సు పుస్తకం మోయించాడు, ఒక్కసారీ తెరవలేదు. రిటైరైన రోజు మెడలో దండతో ఇంటికి పోయాడు, నా వైపు తిరిగి చూడలేదు. మర్నాడే ఆయన పేరు మీద నల్లరంగు పూసి ‘వి. పెంచలయ్య, గార్డు’ అని రాశారు. మనుషులకు తమ పేరంటే ప్రాణం. ఎదుటివాడి పేరు చెరపడానికి మాత్రం ఒక కుంచె, పది నిమిషాలు చాలు.

పెంచలయ్యది నెల్లూరు వైపు. రైల్వే కాలనీలో క్వార్టరు, భార్య రవణమ్మ, మూడో తరగతి చదివే కూతురు సుగుణ. బండెక్కాడంటే మూడు నాలుగు రోజులకు గాని ఇంటి ముఖం చూసేవాడు కాదు. గూడ్సుకు టైమంటూ ఏముంది? మెయిలు వస్తోందంటే పక్క లైనులోకి తోస్తారు. దాని వెనక ఇంకోటి వస్తోందంటే అక్కడే ఉంచుతారు. ఊరు కనబడని స్టేషన్లలో ఐదేసి ఆరేసి గంటలు. ఆ వ్యానులో ఫ్యాను లేదు, పలకరించే దిక్కు లేదు. నా మీద కూర్చుని నాతోనే మాట్లాడేవాడు.

“ఈ పాటికి పాప బడి నించి వచ్చుంటాది. వాళ్లమ్మ జడేస్తా ఉంటాది. ఆ బిడ్డ కుదురుగా కూచోదే!”

కందిపప్పు ధర దగ్గర్నుంచి కూతురి పెళ్లిదాకా అన్నీ చెప్పేవాడు. తీరా ఇంటికెళ్తే ఈ మహానుభావుడి నోట మాట ఊడిపడేది కాదట. తిని పడుకునేవాడట. “మా నాయన నాతో మాట్లాడనే మాట్లాడడు” అని సుగుణ పోర్టరు మస్తానయ్యతో చెబుతుంటే విన్నాను. మాట్లాడతాడమ్మా, నీ గురించి తప్ప మాట్లాడడు అని చెప్పాలనిపించింది. నాకు నోరెక్కడిది?

మా కాలనీలో ఒక అలవాటుండేది. గార్డు బండి దిగగానే మస్తానయ్య అతని పెట్టెను మోసుకొచ్చి, ప్లాట్‌ఫారం మీద గోడవారన వరుసలో పెట్టేవాడు. మనిషి ఆఫీసులో సంతకాలు చేసి ఇంటికి చేరడానికి ముప్పావుగంట పట్టేది. బడి నుంచి వచ్చే పిల్లలు ఆ వరుసలో తమ నాన్న పేరు వెతుక్కునేవాళ్లు. “పెట్టె దిగింది” అంటే చాలు, ఇంట్లో ఎసరు పడేది. మనిషి గుమ్మంలోకి వచ్చేసరికి వేడన్నం. సుగుణ నన్ను చూస్తే మూత మీద రెండు చేతులతో దరువేసి పరిగెత్తేది. ఇన్నేళ్లలో నన్ను చూసి సంతోషించిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

ఆ ఏడు మార్చిలో పెంచలయ్య ఇల్లు వదిలి ఐదు రోజులైంది. సుగుణకు జ్వరం వచ్చి తగ్గిందని ఎదురు బండి గార్డు కేకేసి చెబితే తెలిసింది. ఈ బండి చేర్చి సెలవు పెడతానన్నాడు నాతో. మధ్యాహ్నం ఒక చిన్న స్టేషన్లో మమ్మల్ని పక్క లైనులో నిలిపారు. వ్యాను పొయ్యిలా కాలుతోంది. “ఏందో గుండెల్లో నొప్పిగా ఉండాదే” అంటూ లేచి, తలుపులో నిలబడి ఎర్రజెండా ఊపాడు. నలభై వ్యాగన్ల అవతల ఇంజను. ఎవరూ చూడలేదు. కింద కూలబడి తల నాకు ఆనించాడు.

“పాపకు చెప్పు” అన్నాడు.

అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఏం చెప్పాలో చెప్పలేదు.

కాసేపటికి సిగ్నలు పడింది. డ్రైవరు కూత వేశాడు. పచ్చజెండా ఊగలేదు. మళ్లీ వేశాడు. గార్డు జెండా ఊపకపోతే బండి కదలదు కాబట్టి అప్పుడు ఇంజను వాళ్లు వెనక్కి నడిచి వచ్చారు. అప్పటికే అయిపోయింది. పెంచలయ్యను లారీలో పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. “పాపం, ఆయన పెట్టైనా ఇంటికి చేర్చండయ్యా” అని ఎవరో జాలిపడి, మర్నాడు నన్ను ప్యాసింజరు బండి ఎక్కించారు. మనిషిని ఇంటికి పంపడానికి కాగితాలు కావాలి, నాకు అక్కర్లేదు. అందుకే నేను ముందు వచ్చేశాను. కబురూ ఆ కాగితాల దగ్గరే ఆగి, ఇంకా రాలేదు.

మస్తానయ్యకు ఏమీ తెలియదు. అలవాటు ప్రకారం దించి, వరుసలో పెట్టాడు. బడి నుంచి సుగుణ వచ్చింది. జ్వరానికి చిక్కిపోయి ఉంది. నా మూత మీద దరువేసింది. నా జన్మలో ఆ దరువంత బరువు నేను మోయలేదు.

“అమ్మా, నాయన పెట్టె దిగింది!” అన్న అరుపు క్వార్టర్ల దాకా వినబడింది.

గంట దాటింది. రవణమ్మే కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది, వెనకాలే పిల్ల. “మస్తానన్నా, అన్నం చల్లారిపోతా ఉండాది. ఈయన ఏ బండికి దిగినాడు, యాడ కూచున్నాడు?”

మస్తానయ్య ఆఫీసు వైపు చూశాడు. కిటికీలో స్టేషన్ మాస్టరు ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. రవణమ్మను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆమెకు అర్థమైపోయింది. నా పక్కనే నేల మీద కూలబడింది.

సుగుణకు అర్థం కాలేదు. “పెట్టె వచ్చింది గదమ్మా! నాయన రాకుండా పెట్టె వస్తాదా?” అని తల్లి భుజం పట్టి ఊపుతూనే ఉంది. చెప్పమని నాకప్పగించిన మాటకు బదులు నేను చెప్పింది, నాయన వచ్చాడన్న ఈ అబద్ధం.

క్వార్టరు ఖాళీ చేసేదాకా ఆ పిల్ల బడికి పట్టాల అవతలి దారినే పోయింది. నా మీద ఇంకో రెండు పేర్లు రాశారు, చెరిపారు. తర్వాత గార్డులకు చక్రాల సంచులొచ్చాయి, పెట్టెల కాలం ముగిసింది. ఇప్పుడు నేను తుక్కు యార్డులో, విరిగిన చక్రాల పక్కన వానకు తడుస్తున్నాను. మొన్నటి వానలకు పై రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి, అడుగు నుంచి పాత పేరు బయటపడింది. ‘వి. పెంచలయ్య, గార్డు.’ అక్షరం చెదరలేదు.

ఈ దారిన పోయేవాళ్లకు నాదొక్కటే మనవి. ఆ పేరు చదివి, పెట్టె దిగిందని ఆ ఇంటికి ఎవరూ కబురు చెప్పకండి.