ఇరవై ఐదో తూటా

మా మామయ్యగారు బంగార్రాజు గారు పోయి నెల తిరిగేసరికి, ఆయన వదిలివెళ్లిన వాటిలో ఎవరికీ అక్కర్లేనిది ఒకటి మిగిలింది. అది తుపాకీ. లంకపొలంలో అడవిపందుల బెడద ఉన్న రోజుల్లో పంట కాపలాకని లైసెన్సు తీసుకున్నారట. పందులు పోయాయి, పొలంలో సగం గోదావరి కోసుకుపోయింది, తుపాకీ మాత్రం బీరువాలో ఉండిపోయింది. లైసెన్సు ఉన్న మనిషి పోతే వారసులు దాన్ని ఆలస్యం చెయ్యకుండా అప్పగించాలన్నారు. మా ఆయన గణేష్‌బాబు పాలకొల్లులో ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరరు. నూటయాభై మంది కుర్రాళ్లని ఒక్క చూపుతో కూర్చోబెడతారు గానీ పోలీసు స్టేషన్ గుమ్మం చూస్తే ఆయనకి నోట మాట రాదు. అందుకని నేనూ వెంట వెళ్లాను.

హెడ్ కానిస్టేబుల్ ఉదయభాస్కర్ గారు తుపాకీని పెద్దగా పట్టించుకోలేదు. తూటాల పెట్టె తెరిచి రెండుసార్లు లెక్కపెట్టి, లైసెన్సు పుస్తకం తిరగేశారు.

"కొన్నవి ఇరవై ఐదండి. ఇక్కడ పేలనివి పదకొండు, పేలినవాటి ఖాళీ తొడుగులు పదమూడు. ఒకటి తక్కువండి మాస్టారూ."

"ఎక్కడో పడిపోయి ఉంటుందండి" అన్నారు మా ఆయన ఎలాగో నోరు పెగుల్చుకుని, పోయింది చొక్కా గుండీ అయినట్టు.

"అలాగంటే ఎలాగండి? ఎలక్షన్లప్పుడు తుపాకీ తెచ్చి ఇచ్చేవారు, మళ్లీ పట్టుకెళ్లేవారు. తూటాల లెక్క ఎవరూ చూడలేదు. ఇప్పుడు పూర్తిగా అప్పగించేస్తున్నారు కదా, లెక్క సరిపోవాలి. ఆ ఒక్కటీ రేపు ఎవరి చేతిలోనైనా పేలితే మేం ముందు మీ గుమ్మంలోకే రావాలండి. సోమవారం దాకా వెతకండి. లేదంటే కేసు రాయక తప్పదు."

కేసు అంటే సస్పెన్షన్. మా ఆయన ఉద్యోగానికే ఎసరు. బండి మీద ఇంటికొస్తున్నంతసేపూ ఆయన ఒక్క గొయ్యీ తప్పించలేదు. నాకు మాత్రం దారి పొడవునా ఒక చెక్క కళ్లముందు ఆడుతూనే ఉంది.

ఆ చెక్క సంగతి చెప్పాలి. ఖాళీ తొడుగులు చూపిస్తే గానీ రాజమండ్రి షాపువాళ్లు కొత్త తూటాలు ఇవ్వరని మామయ్యగారు ఒక్కటి కూడా పారెయ్యలేదు. వాటిని నిలబెట్టడానికి వడ్రంగి చేత టేకు చెక్కకి ఇరవై ఐదు గుంటలు తొలిపించారు. ఏటా దసరాకి ఆ చెక్క మీద తూటాలు, తొడుగులు వరసగా పెట్టి, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టి ఆయుధపూజ చేసేవారు. కుంకుమ భరిణె పట్టుకుని నిలబడటం కోడలిగా నా డ్యూటీ. పదహారు దసరాలు నిలబడ్డాను. చివరి గుంట ఎప్పుడూ ఖాళీయే. ఆయన మాత్రం ఆ ఖాళీ గుంటలోనూ వేలు పెట్టి బొట్టు పెట్టేవారు.

ఒక ఏడు నోరు ఊరుకోక అడిగాను. "ఇక్కడేం లేదు కదండీ మామయ్యగారూ, దేనికండీ బొట్టు?"

"ఉందమ్మా. ఇంట్లోనే ఉంది. క్షేమంగానే ఉంది" అన్నారు.

పెద్దాయన చాదస్తం అనుకుని నవ్వుకున్నాను. ఆ మాట ఇప్పుడు వేరేగా వినిపించింది. ఈ ఇంట్లో, నేను వండిన చోటో పడుకున్న చోటో, ఇన్నేళ్లుగా పేలని తూటా ఒకటి ఉందన్నమాట.

శుక్రవారం, శనివారం ఇల్లంతా తలకిందులు చేశాం. అటక దించాం, ధాన్యం బస్తాలు దొర్లించాం, మామయ్యగారి పట్టెమంచం విప్పి చూశాం. సాలీళ్లు దొరికాయి, ఎప్పుడో పోయిన నా జుంకా దొరికింది, తూటా దొరకలేదు. ఆ రెండు రోజులూ మా అత్తయ్యగారు అచ్చాయమ్మ గారు మామయ్యగారి గది గుమ్మంలో లేసు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారే తప్ప, ఏం వెతుకుతున్నారని కూడా అడగలేదు. ఆవిడ లేసు అల్లికకి పేరుపడ్డ నరసాపురం ఆడపడుచు. అల్లకం లేకపోతే చేతులు నిలవవు. ఆ బుట్ట ఆవిడతో పెరట్లోకి వస్తుంది, పెళ్లిళ్లకి వస్తుంది, మామయ్యగారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మంచం పక్కనే ఉంది. అందులో పసుపెక్కిపోయిన పాత దారపు ఉండ ఒకటుంది. దాన్ని అల్లరు, ఎవరికీ ఇవ్వరు. "మ్యూజియంలో పెడదామాండీ" అని నేను ఏడిపించేదాన్ని.

ఆదివారం ఉదయం ఆ ఉండని చూస్తూ నిలబడిపోయాను. ఆయుధపూజ గదిలోకి ఈవిడ ఒక్క ఏడూ రాలేదు. తుపాకీ నూనె వాసన పడదనేవారు. సొంత చెల్లెలు నరసాపురంలో ఉన్నా, ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి అక్కడ ఉండలేదు.

ఆవిడ ముందు కింద కూర్చున్నాను. "అత్తయ్యగారూ, తూటా దొరక్కపోతే మీ అబ్బాయి మీద కేసు పెడతారండి."

ఆవిడ అల్లుతున్న లేసు పక్కన పెట్టారు. తర్వాత ఆ ఉండ తీసి దారం కొస వెతికి విప్పడం మొదలుపెట్టారు. దారం ఒళ్లో గుట్టగా పడుతోంది. పసుపు పోయి తెలుపు వచ్చింది. తెలుపు లోంచి ఎర్రటి తూటా జారి ఆవిడ చీర కుచ్చిళ్లలో పడింది.

"తొంభై ఆరు తుఫానమ్మా" అన్నారు. "కొబ్బరిచెట్లు ఒక్కటి మిగల్లేదు. వరి నీళ్లల్లో కుళ్లిపోయింది. మీ మామయ్యగారు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజు భోజనానికి పిలుద్దామని వెళ్తే, తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తుడుస్తున్నానన్నారు. చేతిలో గుడ్డ లేదమ్మా. వేణ్ణీళ్లు తోడాను, స్నానం చేసి రండన్నాను. ఆయనటు వెళ్లగానే తుపాకీ తెరిచి చూస్తే లోపల ఇది."

"మిగతావండీ?"

"పెట్టెకి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకి. అదేగా నా భయం. ఇంకోటి పెడితే నేనేం చెయ్యను? అందుకే ఆయన్ని ఒక్కరినీ వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. దీన్ని గోదాట్లో పారేద్దామని రేవు దాకా వెళ్లాను. ఏ పసివాడికైనా దొరికితే? నా దగ్గరుంటే ఎక్కడుందో నాకు తెలుస్తుంది కదా." చీర చెంగుతో తూటా తుడిచారు. "ఆయనకి తెలీదులే పాపం. ఎక్కడో పోయిందనుకుని ఉంటారు."

నేను లేచి వెళ్లి చెక్క తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఇరవై నాలుగు గుంటలు శుభ్రంగా టేకు రంగులో ఉన్నాయి. వాటి బొట్లు తూటాల మీద పడేవి. ఇరవై ఐదో గుంట ఒక్కటే ఏళ్ల తరబడి కుంకుమ పేరుకుని నల్లగా మారిపోయింది.

"ఇదెవరు పెట్టారు?"

"మామయ్యగారేనండి. ప్రతి దసరాకీ. ఒకసారి అడిగితే, ఇంట్లోనే ఉంది, క్షేమంగానే ఉందన్నారు."

అత్తయ్యగారు ఆ గుంటలో బొటనవేలు పెట్టి అలాగే ఉంచేశారు. "తెలిసీ ఒక్కసారైనా అడగలేదే" అన్నారు. కాసేపటికి, "నేనూ అడగలేదులే" అన్నారు.

నాకు ఏడుపూ వచ్చింది, ఇద్దరి మీదా కోపమూ వచ్చింది. ఒకే కంచు చెంబుతో నీళ్లు తాగుతూ, ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఒక్క మాట మాట్లాడుకోకుండా ఎలా బతికారు వీళ్లు?

సోమవారం లెక్క సరిపోయింది. ఎక్కడ దొరికిందని ఉదయభాస్కర్ గారు అడిగితే, దారపు ఉండలో అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా 'ఇంట్లో లభించినది' అని రాసి సంతకం పెట్టించుకున్నారు. మా ఆయనకి అప్పుడు నోట మాట వచ్చింది.

ఇక కాపలా కాయాల్సింది ఏమీ లేదు కదా అని, మంగళవారం అత్తయ్యగారిని వాళ్ల చెల్లెలు సంపూర్ణమ్మ గారింటికి నరసాపురం పంపాం. వారం ఉండి రండని మరీ మరీ చెప్పాను. బుధవారం మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఆటో ఆగింది.

"ఏంటండీ, అప్పుడే వచ్చేశారు?"

"అక్కడ మనసు నిలవలేదమ్మా. మీ మామయ్యగారు ఇక్కడ ఒక్కరే ఉంటారు కదా."

మామూలుగా అయితే ఏదో ఒకటి అని ఏడిపించేదాన్ని. ఆ రోజు ఆవిడ చేతిలో సంచీ అందుకున్నాను. ఆవిడ ఎప్పటిలాగే గది గుమ్మంలో కూర్చుని బుట్ట ఒళ్లోకి తీసుకున్నారు. పాత దారాన్ని మళ్లీ చుట్టేసి ఉంచారు, అంతే లావున. లోపల ఏమీ లేదు. అయినా అరచేతిలోకి తీసుకుని ఒకసారి నొక్కి చూసుకున్నారు.

నేను రెండు గ్లాసుల కాఫీ తెచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇద్దరం లోపల మామయ్యగారి మంచం కేసి చూస్తూ తాగాం.