కొత్త కమాన్లు

నందపూర్ ఘాటీ దిగుతూ రెండో మలుపు తిరగగానే లక్ష్మీదుర్గ బ్రేకు తొక్కింది. బండి నెమ్మదించలేదు సరికదా, ఇంకాస్త వేగం పుంజుకుంది.

"ఏటిది జగన్?"

పక్క సీట్లో మరిది ఫోన్లోంచి తల ఎత్తాడు. తండ్రి సత్తిబాబు కొన్న పాత పికప్పుని వదినకు చెప్పకుండా రాయగడ షెడ్డులో పెట్టి, వెనక బరువు మోసే స్ప్రింగులకి లావు పట్టీల కమాన్లు, వెడల్పాటి మెరుపు చక్రాలు బిగించి నిన్ననే తెచ్చాడు. పాత బళ్ళ ప్రదర్శనలో నిలబెడతాడట.

"కొత్త సక్రాలు కదొదినా. అలవాటైపోతాది."

ఆమె మళ్ళీ తొక్కింది. పెడల్ అడుగంటింది. గేరు రెండులోకి లాగితే ఇంజను గోల పెట్టింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. వెనక సరుకు మీద కూర్చున్న కళాసీని కేకేసింది.

"మనోరంజన్, ఎన్ని బస్తాలేసేవు?"

"ఎప్పట్లాగే అమ్మగోరూ. కమాను సదునయ్యేదాకా."

ఆమెకి సంగతి అర్థమైంది. కొరాపుట్ కళాసీలు బస్తాలు లెక్కపెట్టరు. వెనక కమాను వంపు పోయి చదునైతే బండి నిండినట్టే. ఈ కొత్త కమాను రెట్టింపు బరువు పడితే గాని వంగదు. వంగలేదు గనక పాపం అతను వేస్తూనే పోయాడు. బ్రేకులు మాత్రం పాత బరువుకే.

"ఉప్పు బస్తాలు తోసెయ్. రోడ్డు మీదకి తోసెయ్."

"వదినా, సరుకు..."

"నోర్ముయ్. నిన్నూ తోసేస్తాను."

దబదబా బస్తాలు పడ్డాయి. ఆమె స్టీరింగును ఎడమకు కోసి, బండి పక్కభాగాన్ని కొండమట్టికి ఒరిపించింది. ఇనుము కీచుమంది. అద్దం ఎగిరిపోయింది. చివరికి ముందు చక్రం కాలవలో దిగబడి బండి ఆగింది.

ఆ కుదుపుకు కింద పడ్డ మనోరంజన్ రోడ్డు మీద కూర్చుని, వంకరపోయిన మణికట్టును ఒళ్ళో పెట్టుకున్నాడు. జగన్ దిగి నేరుగా చక్రం దగ్గరకెళ్ళి, రిమ్మును బొటనవేలితో రుద్దాడు.

"గీత పడిపోనాదొదినా."

ఆమె చరచరా అతని దగ్గరకొచ్చింది.

"మనిషి సెయ్యిరిగితే నీకు గీత కనిపించిందేటి?"

"అతనన్ని బస్తాలేస్తాడని నాకేటి తెలుసు?"

"తెలీదు. మీ నాన్న బతికినన్నాళ్ళూ ఆ పాత కమాన్నే నమ్మి ఈ ఘాటీ దిగేడు. దాన్ని పీకేసి నాకొక్క ముక్క సెప్పలేదు. ఎత్తేవోడికీ సెప్పలేదు. ఫొటోలు మాత్రం ఊరంతా పంపేవు."

నందపూర్ నుంచి ఎగువకు వస్తున్న బస్సుకు ఆమె అడ్డం నిలబడింది. మనోరంజన్‌ను పట్టుకుని ఎక్కించి, తనూ ఎక్కింది.

"నేనూ ఆస్పత్రికొస్తానొదినా."

"నువ్వొచ్చి ఏటి సేస్తావు? ఎనక్కి నడువు. మలుపులో బస్తాలు పడున్నాయి. ఏ బైకోడో గుద్దితే సస్తాడు. ఒక్కోటీ బుజానికెత్తి పక్కకెయ్."

"ఒక్కడినేనా?"

బస్సు కదిలింది. జగన్ ఇంకా చక్రం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నడువు."