అప్పన్న నీడ

తవిటయ్య కుంచె మొనను పెదవుల మధ్య తీర్చి, వేలెడంత అప్పన్న మట్టిబొమ్మ మోచేతి మీదికి మళ్ళీ వంచాడు. ముందు పూసిన పాచిరంగు ఆరింది. దాని మీద పలచగా పసుపు, పుండు అంచుల్లో వంకాయరంగు, తోలు ఊడినచోట ఎర్రమన్ను రంగు. కుళ్ళిన ఒంటికి ఎరుపు ఒక్కటే పూస్తే అది హోలీ అవుతుంది గానీ పుండు కాదు. చివర్న పుండు మీద మాత్రం చుక్క వార్నిషు పెట్టాడు. ఒళ్ళంతా పొడిగా ఉండి అదొక్కటే తడితడిగా మెరిసింది. చూసినవాళ్ళు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ అనుకున్నాడు.

ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సాక్చి బజారు వెనక ఓ కాంట్రాక్టరు నడిపే ఇనప పోతషెడ్డులో విశ్వకర్మ పూజకి ఏటా ఒక చెక్క మీద షెడ్డు నమూనా పెట్టడం ఆనవాయితీ. ఆ ఏడాది అక్కడ పనిచేసిన ప్రతివాడికీ అందులో ఒక బొమ్మ ఉంటుంది. పూజనాడు ఆడవాళ్ళు ఎగబడి తమవాణ్ణి వెతుక్కుంటారు. బొమ్మ ఉంటే మనిషి షెడ్డువాడే, ఇక మాటే లేదు. టెక్కలి నుంచి కుర్రతనంలో వచ్చి, గేట్లకూ బోర్డులకూ రంగులేస్తూ జుట్టు నెరిసిన తవిటయ్యకి, ఏడాది మొత్తంలో నాదీ అనిపించే పని ఇదొక్కటే. వేసవి నుంచి దగ్గు పట్టి పీడిస్తోంది. రంగు వాసనకు దూరంగా ఉండమని డాక్టరంటే, “దూరంగా ఎల్లి ఏటి సెయ్యాలి?” అని ఎదురడిగిన మొండిఘటం.

ఆ వేసవిలోనే కరిగిన ఇనుము మోసే లేడిల్ ఒరిగి అప్పన్న మీద పడింది. ప్రాణం ఉన్నన్నాళ్ళూ గుడ్డ తడిపి వాడి ఒళ్ళు తుడిచింది తవిటయ్యే. ఈ రంగులన్నీ ఆ మంచం దగ్గర చూసినవే. తీరా వాడు పోయాక కాంట్రాక్టరు సేటు, పరిహారం ఎగ్గొట్టడానికి, వాడసలు మా షెడ్డువాడే కాదు, తాగి ఎక్కడో కాలాడు అన్నాడు. అబద్ధానికైనా ఓ హద్దుండొద్దూ! వాడి పెళ్ళాం నూకమ్మ ఉత్త చేతుల్తో ఇంటికి పోయింది.

తవిటయ్య బొమ్మను లేడిల్ ముందు, అప్పన్న ఎప్పుడూ నిలబడే చోట నిలబెట్టాడు. నమూనాలో బల్బు లేదు, దీపం లేదు. వెలుగంతా రంగే. లేడిల్‌కి ఎదురుగా ఉన్న చెంపలకి పసుపు, దూరమయ్యేకొద్దీ నారింజ, వీపులకి నీలం కలిపిన నలుపు. అప్పన్న వెనక నిలబడ్డ తోటి కూలీ బలరామ్ బొమ్మకి ఛాతీ మీద వెలుగు పెట్టలేదు. అప్పన్న అడ్డం కదా మరి.

మధ్యాహ్నం సూపర్‌వైజరు కూర్మారావు వచ్చి ఒంటికాలి మీద లేచాడు.

“అరే తవిటయ్యా, యే క్యా హై? పూజలో ఈ పుళ్ళ బొమ్మేటి?”

“అప్పన్న, బాబూ.”

“ఆడు మన షెడ్డోడు కాదని సేటు సెప్పినాడు కదా. మంచి రంగెయ్, ఇంకెవుడో అనుకుంటారు.”

“ఆడి ఒంట్లో మంచి రంగెక్కడ మిగిల్చినారు? నానెయ్యను.”

“సేటు నిన్ను పన్లోంచి తీసేత్తాడు!”

“తీసెయ్యమను.”

కూర్మారావు బొమ్మను ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు తలెత్తి చూడలేదు.

తవిటయ్య ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు. ఎదురుగా లేడిల్ మండుతోంది, మధ్యలో ఎవరూ లేరు, అయినా బలరామ్ ఛాతీ చీకటిగానే ఉంది. తవిటయ్యకి నవ్వొచ్చింది, నవ్వులోంచి దగ్గొచ్చింది. మనిషిని జేబులో వేసుకుపోతావు సరే, వాడి నీడనేం చేస్తావురా?

దీపపు మసిలో నీలం కలిపాడు. బొమ్మ ఊడినచోట పాదాలు మొదలుపెట్టి, నేల మీదుగా గోడ దాకా నీడను సాగదీశాడు. ఎడమ భుజం కాస్త దిగి, తల మీద తువ్వాలు ముడి పక్కకి ఒరిగి, అచ్చం అప్పన్నే. కుంచె వెంట్రుకలు రాలుతున్నాయి. అయినా అంచు చెదరనివ్వలేదు. నమూనా మీద గుడ్డ కప్పి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని ఇంటిదారి పట్టాడు. మాంగో వాడకెళ్ళే వంతెన మీద దగ్గు ఆపితే ఆగి, వదిలితే నడిచాడు.

పూజనాటి పొద్దున్నే పక్కింటి పోలమ్మ టీ గ్లాసుతో వచ్చి పిలిస్తే పలకలేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే చల్లబడిపోయాడు.

ఆ కబురు షెడ్డు చేరకముందే పూజలో గుడ్డ తీశారు. గోల గోలగా ఎగబడ్డ జనం ఆ నీడ చూసి, పక్కకి జరిగి నూకమ్మకి దారిచ్చారు. నూకమ్మ చెక్క ముందు గొంతుక్కూర్చుంది.

“ఈ తువ్వాలు ముడి నాను కట్టిందే. మా మావే ఇది” అంది, అందరికీ వినబడేలా.

“గోకెయ్యండిరా దాన్ని!” అని కూర్మారావు అరిచాడు.

ఒక్కడూ కదల్లేదు. బలరామ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనే గోకుదామని, చాకు కోసం జేబులో చెయ్యి పెట్టిన కూర్మారావుకి వేళ్ళకి మట్టిబొమ్మ తగిలింది. పెట్టిన చెయ్యి పైకి రాలేదు.

నూకమ్మ మందారం ఒకటి తెచ్చి, నీడ మొదలైన చోట పెట్టింది. దిగిన ఎడమ భుజం దగ్గర, ఆరిన రంగులో, తవిటయ్య కుంచె వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది.