మిరపకాయ చెప్పిన సాక్ష్యం

మా చెల్లెలు ఒతీలియాది వెన్నలాంటి మనసని మా పేటలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే తనే చెబుతుంది. ఈ ఏడు పేట దేవుడి పండగ పెత్తనం దాని ఇంటికొచ్చింది. అంటే ఊరంతటికీ టర్కీ కోడి మోలే, అదే ఎండుమిరపకాయల ముద్దతో చేసే పండగ కూర, వండించాల్సింది అదే. వాకిట్లో ఎండుమిరపకాయలు కుప్ప పోసి, తొడిమలు తీసి గింజలు దులపడానికి ఆడవాళ్లమంతా చాపల మీద కూర్చున్నాం.

ఒతీలియా కోడలు మరిసేలా చేతులకి రబ్బరు తొడుగులు తెచ్చుకుంది.

"ఇవేంటే తల్లీ, మిరపకాయలకి ఆపరేషన్ చేస్తావా? ఇవి వేసుకుంటే మోలేకి చేతి రుచి ఎలా తగుల్తుంది?" అని ఒతీలియా వాటిని లాక్కుని అవతల పడేసింది. పిల్ల వట్టి చేతులతోనే కాయలు అందుకుంది. నేను మాత్రం వాటిని తీసి తగిలించుకున్నాను. అక్కనైన నన్ను అడిగే దమ్ము ఒతీలియాకి లేదు.

మధ్యాహ్నం కాకముందే మరిసేలా వేళ్లు మండి ఎర్రబడ్డాయి. మండితే మండాయి, కడుక్కుంటే పోతుందిలే అనుకోవడానికి లేదు. మా వైపు మిరపకాయకి మనిషి మనసు తెలుసంటారు. కడుపులో కోపం, కుళ్లు దాచుకున్నవాళ్ల చేతినే అది కాలుస్తుందట. అలాంటి చెయ్యి తగిలితే మోలే విరిగిపోతుందట. ఒక్కసారి ఆ పేరు పడిందా, ఇక ఏ పండక్కీ ఆ ఆడదాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఆ పేరు పడ్డ మా మేనత్త బతుకంతా అంట్లు తోముతూనే పోయింది.

అందుకే పాపం మరిసేలా పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. కానీ కన్నీళ్లు ఆగుతాయా?

"అయ్యయ్యో, చూశారటర్రా! మా కోడలికి మండుతోంది!" అంది ఒతీలియా, లాటరీ తగిలినంత సంబరంగా. "ఎవరి మీదమ్మా అంత కోపం? నా మీదేనా?"

"కోపం లేదత్తయ్యా. ఈ ఏడు కాయలే ఘాటుగా ఉన్నాయి."

"మరి నాకు మండదేం?"

ఇక వైద్యం మొదలైంది. ఒకావిడ చేతులు జుట్టుకి రుద్దుకోమంది. రుద్దుకుంటే మాడు కూడా మండింది. ఇంకొకావిడ ఉప్పంది, మరొకావిడ టమాటా ముక్కంది. ఓ ముసలమ్మ మెస్కాల్ సారా నాలుగు చుక్కలు పిల్ల చేతిలో పోసి, వృథా అవుతుందని మిగతా సీసా తనే తాగేసింది. మొత్తమ్మీద గుణం కనిపించింది ఆవిడకొక్కదానికే.

"పందికొవ్వు పట్టించి సబ్బుతో కడగండర్రా" అన్నాను నేను.

"ఆ కొవ్వు దేవుడి మోలేకి, చేతులకి కాదక్కా" అని ఒతీలియా డబ్బా వెనక్కి జరుపుకుంది. "మనసు కడుక్కుంటే చెయ్యి అదే చల్లబడుతుంది. ఇవాళ కుండ దగ్గరికి రాకమ్మా మరిసేలా. పదిమంది తినే కూడు."

సరిగ్గా అప్పుడే లోపల పసివాడు నిద్ర లేచి గుక్క పట్టాడు. మరిసేలా గబుక్కున లేచి, తన చేతులు చూసుకుని ఆగిపోయింది. "అత్తయ్యా, కాస్త మీరు ఎత్తుకోరూ?"

మనవడు కేరుమంటే చాలు, తల్లి ఒళ్లోంచి లాక్కునే మనిషి ఒతీలియా. ఇవాళ శాలువా కింద చేతులు పెట్టుకుని బిగుసుకు కూర్చుంది. "ఏడవనీవే. ఏడిస్తే గొంతు గట్టిపడుతుంది."

వాడు ఏడ్చి ఏడ్చి నల్లబడిపోతున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"వెళ్లి ఎత్తుకోవే!"

"నడుం పట్టేసిందక్కా."

"నడుమా? ఏదీ, చేతులు చూపించు."

"చేతులెందుకూ?"

శాలువా లాగేశాను. కోడలి వేళ్లు ఎరుపైతే దానివి కమిలిపోయున్నాయి. పైగా మంట తగ్గడానికి ఎవరూ చూడకుండా పూసుకున్న మొక్కజొన్న పిండి వాటి నిండా అంటుకునుంది.

"ఓసి నీ వెన్న మనసు తగలెయ్యా! నీకెవరి మీదే ఇంత కోపం?"

ఆడవాళ్లంతా తలలొంచుకుని గబగబా తొడిమలు గిల్లసాగారు. సారా ముసలమ్మ ఒక్కతే పకపకా నవ్వింది.

తొడుగులు తీసేసి పసివాణ్ణి నేనెత్తుకొచ్చాను. కొవ్వు డబ్బాలో ముందుగా పడ్డ చెయ్యి ఎవరిదనుకున్నారు? దేవుడి మోలే సంగతి ఒతీలియాకి గుర్తే రాలేదు. అత్తాకోడళ్లిద్దరూ కొవ్వు రాసుకుని, సబ్బుతో కడుక్కుని, మళ్లీ రాసుకుని, మళ్లీ కడుక్కున్నారు. చేతులు చల్లబడ్డాక మరిసేలా బిడ్డకి పాలిచ్చింది.

మోలే పొయ్యెక్కే వేళకి ఒతీలియా ఎవరి మొహమూ చూడకుండా గొణిగింది. "మనుషుల్ని అనాల్సిన పన్లేదర్రా. ఈ ఏడు కాయలే ఘాటు."

"పొద్దుటే చెప్పాను కదత్తయ్యా" అని మరిసేలా గరిటె అందుకుంది.