నడుం నొప్పి సాక్ష్యం

నడుం నొప్పి అని చెబితే సరిపోతుంది, ముందు నడుం నొప్పి అంటే లోపలికి పిలుస్తారు, తలుపు వేశాక మిగతాది చూసుకోవచ్చు అని పుష్పలత అనుకుంటూనే ఉంది, చీటీ రాసే అమ్మాయి తలెత్తకుండా దేనికమ్మా అని అడగనే అడిగింది, వెనక పదిమంది ఉన్నారు, అందులో మగవాళ్ళు ఇద్దరు, తను నోరు తెరిచేలోపలే పక్కనున్న కూతురు శాలిని గర్భసంచి జారిందండీ అనేసింది, బస్సు టిక్కెట్టు అడిగినంత మామూలుగా, ఆ మాట అంత పెద్దగా పైకి అనగా పుష్పలత తన నలభై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ వినలేదు, గోడకి ఆనుకుంది, ఎవరో కుర్చీ చూపించారు గాని కూర్చుంటే నొక్కుకుంటుంది, గణపవరం నుంచి ఏలూరు దాకా బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చింది, దారి పొడుగునా చేపల చెరువులు, చెరువుల మధ్య మిగిలిన కాస్త పొలంలో సార్వా నాట్లు, బురదలో వరసగా వంగిన ఆడవాళ్ళు, నిన్న పొద్దున తనూ అలాగే వంగి ఉంది, వరినారు ఆకుకట్ట అందుకుని లేచేసరికి బిగించి కట్టుకున్న గుడ్డని తోసుకుని మొత్తం దిగిపోయింది, ఎప్పట్లా గట్టు చాటుకి వెళ్ళి వేళ్ళతో లోపలికి నెట్టుకుంటే పోలేదు, మధ్యాహ్నానికి ఒంటికి రావడం ఆగిపోయి పొట్ట ఉబ్బింది, ఊళ్ళో నర్సమ్మ గొట్టం వేసి నీళ్ళు తీసి, ఇంక నా చేతుల్లో లేదమ్మా, ఏలూరు వెళ్ళండి, రేపే వెళ్ళండి అంది, అలా నిన్ననే శాలినికి అంతా తెలిసిపోయింది, పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తెలియనిది.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు, పుష్పలతకి అంతకన్నా పెద్ద చిక్కే వచ్చిపడింది, తను చెప్పింది, చెప్పకూడనిది చెప్పింది, అదీ ప్రార్థన గుడిలో, పదిమంది ముందు, మైకు పట్టుకుని, అసలు మొదట్లో స్నానం చేస్తుంటే చేతికి ఉసిరికాయంత తగిలినప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు, అత్తగారికి చెబుదామంటే శాలిని పుట్టిన పంతొమ్మిదో రోజున గుమ్మంలో నిలబడి, మేమూ కన్నామమ్మా, కన్న వారానికే కోతకెళ్ళాం అన్నది ఆవిడే, తడి ఆకుకట్టలు నెత్తిన పెట్టి పంపింది ఆవిడే, మొగుడు దేవసహాయానికి చెబితే విన్నాడు, విని మంచం వరండాలోకి మార్చుకున్నాడు, తిట్టలేదు, కొట్టలేదు, మంచివాడే, ఆ మంచితనాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఏడ్చింది, కోడిగుడ్డంత అయ్యాక శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే నడుం నొప్పి అంది, అప్పటికే నలుగురు నడుం నొప్పి అని ఉన్నారు, తను ఐదోది, పాస్టరమ్మ గారు నడుముకి నూనె రాసి చెయ్యి పెట్టి ప్రార్థించింది, మళ్ళీ వారం తగ్గిందా సిస్టర్, లేదండి, మళ్ళీ నూనె, అలా ఐదు శుక్రవారాలు, తనకోసం ఇద్దరు ఉపవాసం కూడా ఉన్నారు, ఆరో వారం తగ్గిందా సిస్టర్ అంటే వాళ్ళ మొహాలు చూడలేక, మళ్ళీ ఆ జాకెట్టు పైకెత్తించుకోలేక, తగ్గిందండి అనేసింది, అయితే ఆదివారం సాక్ష్యం చెప్పండి అన్నారు, చెప్పింది, దేవుడు నా నడుముని స్వస్థపరిచాడండి, ఆయనకే మహిమ, అందరూ చప్పట్లు కొట్టారు, కృతజ్ఞతగా కోడిపెట్టని కూడా ఇచ్చింది, ఆ పూట గుడిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడి ఉన్నంతసేపూ అది గుడ్డలో కిందకి లాగుతూనే ఉంది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచినా ఆస్పత్రికి ఎలా వెళ్తుంది, నయమైందన్న నోటితో నయం కాలేదని ఎలా అంటుంది, నిన్న కూడా దేవసహాయం గడప దగ్గర నిలబడి, సాక్ష్యం చెప్పావు గదే, ఇప్పుడు ఆస్పత్రంటే పాస్టరు గారు ఏమనుకుంటారు అన్నాడు, దానికి శాలిని, నాన్నా, మీరు అవతలికి జరుగుతారా అని ఒక్క మాట అంది, ఎంత పొగరు పిల్లకి, ఎంత బాగుంది ఆ పొగరు, అంతలో పుష్పలత అంటూ నర్సు పిలిచింది, తలుపు పడింది, బల్ల ఎక్కమ్మా, కాళ్ళు మడువు, భయపడకు, డాక్టరమ్మ చిన్నది, శాలిని కన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో, ఓసారి దగ్గమ్మా అంది, దగ్గితే ఆ పిల్ల మొహంలో ఏదో కదిలి ఆగింది, ఎన్ని కాన్పులు, మూడండి, ఇంట్లోనా, మొదటి రెండూ ఇంట్లోనేనండి, ఎన్నాళ్ళ నించి, పన్నెండేళ్ళండి, గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు వదులైపోయాయమ్మా, కాన్పయ్యాక ఒళ్ళు గట్టిపడక ముందే బరువులు మోస్తే ఇలాగే అవుతుంది, ఇది నీ తప్పు కాదు, నడుం లాగడం కూడా దీనివల్లే, గుడ్డ రాపిడికి పుండు పడింది, ముందది మానాలి, అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను, ఎందుకో తర్వాత చెప్తాను, మూత్రం ఇన్నాళ్ళు సరిగ్గా రాకపోతే కిడ్నీలు కూడా చూడాలి, స్కాన్ చేయించుకుని రా, ఆపరేషన్ సంగతి అప్పుడు, మొదట్లో వచ్చి ఉంటే కాస్త వ్యాయామం నేర్పేదాన్ని, జారకుండా లోపల ఓ రింగు పెట్టి ఇంటికి పంపేదాన్ని, ఎందుకు రాలేదమ్మా, అంది, తిట్టినట్టు కాదు, తెలుసుకుందామన్నట్టు, పుష్పలత చీర సర్దుకుని బల్ల దిగింది, సాక్ష్యం చెప్పానండి అంటే ఈ పిల్లకి ఏం అర్థమవుతుంది.

స్కాన్ గది ముందు బల్ల మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, రింగు పెట్టి పంపేదాన్ని అన్న మాట చెవిలోంచి పోవడం లేదు, రింగట, ఒక రింగు, పన్నెండేళ్ళ బతుకు, ఆ ముక్క పరీక్షలో ఏం తేలుతుందో అని భయం వేస్తోంది గాని ఆ భయం కన్నా ముందు ప్రసన్నకుమారి మొహం వచ్చి నిలబడుతోంది, నాట్లలో తన పక్క వరస ప్రసన్నది, సాక్ష్యం చెప్పిన మర్నాడే కాలవ గట్టు మీద చేయి పట్టుకుని ఆపింది, అప్పటికి దానికి పాతికేళ్ళు కూడా నిండలేదు, అక్కా, నాదీ నడుమేనక్కా, నడుమంటే మరీ నడుం కాదనుకో, అని నేల చూసింది, పుష్పలతకి ఆ క్షణంలోనే అర్థమైంది, ఎందుకు అర్థం కాదు, ఆ చూపు తనదే గదా, నాకూ అదేనే, రేపు ఇద్దరం కలిసి ఏలూరు పోదాం అంటే సరిపోయేది, అనలేదు, ప్రార్థన చేసుకో ప్రసన్నా, నన్ను లేవనెత్తినవాడు నిన్నూ లేవనెత్తుతాడు అంది, దాని తల మీద చెయ్యి కూడా పెట్టింది, ఆ తర్వాత ప్రసన్న ఇంకో బిడ్డని కంది, నెల తిరక్కుండా మడిలో దిగింది, ఏనాడూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నిన్న గట్టు చాటున తను విలవిల్లాడుతుంటే పరిగెత్తుకొచ్చి చీర కొంగు అడ్డం పెట్టింది ప్రసన్నే, గుడ్డ చూసింది, నెత్తురు చూసింది, కిందికి దిగినదీ చూసింది, కోప్పడితే బాగుండేది, కోప్పడలేదు, తెల్లబోయి, నీకు తగ్గిందన్నావు గదక్కా, నాకే విశ్వాసం చాలట్లేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ అంది, అని తనని ఆటో ఎక్కించి మళ్ళీ వరసలోకి వెళ్ళింది, నాట్ల ముఠాలో ఇద్దరు తగ్గితే మడి తెమలదు, ఇప్పుడు కూడా అక్కడే ఉండి ఉంటుంది, నీళ్ళలో వంగి, గుడ్డ బిగించుకుని, దేవుడి ముందు అబద్ధమాడాను, ఆయన ఏం చేస్తాడో అని పుష్పలత ఇన్నేళ్ళూ వణికింది, ఎంత వెర్రిది, ఆయన ఆ అబద్ధాన్ని ఒక్క నిమిషం కూడా నమ్మి ఉండడు, ఆయనకి అన్నీ తెలుసు, నమ్మింది ప్రసన్న.